అన్నం మెతుకు

బండబర్గ్‌లో పదమూడేళ్లుగా ఉత్తరాలు పంచుతున్నాను.
చెరకు తోటల మీంచి వచ్చే ఎండ
టోపీ అంచు కింద దూరి
ముక్కు పక్క నుంచి నల్లగుడ్డు మీదికి
ఈగ రెక్కలాంటి పొరను పాకించింది.
ముందు కుడికంట్లో. ఆరేళ్లకి ఎడమకంట్లో.
దుర్మాంసం అంటారు మనవాళ్లు.
దుర్మార్గమేమీ చెయ్యలేదది,
ఎండకి జడిసి లోపలికి జరిగిందంతే.

కుడికన్ను కుట్టించుకున్నాను.
అప్పట్లో మెక్‌రే డాక్టరమ్మ కుట్లనే నమ్మేది.
మత్తు కంటికే గాని చెవులకి కాదు కదా:
కత్తెర చప్పుడు, "ఇంకొకటి, సులియానా" అనే గొంతు,
దీపం వెలుగులో నీడలా వచ్చిపోయే దారం.
ఎనిమిది కుట్లు. యాభై నిమిషాలు.
ఆ తర్వాత పన్నెండు రోజులు
రెప్ప వేస్తే ఇసక, తెరిస్తే ఇసక.
అయినా, నిద్రలో ఎంత నలిపినా
అతుకు కదల్లేదు.
మా మేనత్త పార్సిల్ గుడ్డ కుట్టినట్టు
ముడి మీద ముడి.

ఎడమకంటికి జిగురు అన్నారు.
నవ్వొచ్చింది. చిన్నప్పుడు
కవరు అంటించడానికి అన్నం మెతుకు మెదిపేవాళ్లం,
మూల దగ్గర ఉబ్బుగా ఉండి
ఎండాక గోటికి గీరుకునేది.
కన్నేమైనా కవరా?

పై రెప్ప కింద, పుట్టాక ఎన్నడూ ఎండ సోకని చోటు నుంచి
చిటికెనవేలి గోరంత పొర కత్తిరించి
ఎండ కాల్చిన చోట పరిచింది.
రెండు సిరంజీల్లోంచి రెండు చుక్కలు.
విడిగా ఉంటే నీళ్లు, కలిస్తే బంక.
"ఇప్పుడెవరూ మాట్లాడొద్దు" అంది.
నేను లోపల్లోపలే లెక్కపెట్టాను.
ముప్పై దగ్గర చెయ్యి తీసేసింది.
ఇంటికొచ్చేసరికి టీ కూడా వేళ తప్పలేదు.

ఇసక లేదు.
మూడో రోజుకి కన్నుందన్న సంగతే మర్చిపోయాను.
ప్రమాదం అక్కడేనట:
మర్చిపోయి నలిపితే ముక్క జారిపోతుంది.
రాత్రిళ్లు కంటి మీద ప్లాస్టిక్ డొప్ప అంటించుకుని
చేతులు నడుము కింద పెట్టుకుని పడుకున్నాను,
దొరికిపోయిన దొంగలా.
కుట్టు నన్ను నమ్మలేదు, నొప్పితో కాపలా కాసింది.
జిగురు నమ్మేసింది.
ఏది నయమని అడుగుతారు జనం.
ఏ కంటితో చూసి చెప్పను?

సంతకం పెట్టిన కాగితంలో ఓ మూల ఉంది,
ఆ జిగురు మనుషుల రక్తంలోంచి తీస్తారని.
ఎవరి రక్తమో రాయలేదు.
పంపినవారి చిరునామా లేని పార్సిల్ అది,
నా జన్మలో తిప్పి పంపలేనిది.

డ్యూటీలో చేరిన వారం
బూర్బాంగ్ వీధి వెనక సందులో
వెల్డింగ్ నెవిల్, మోచేతి మడతలో దూది, దాని మీద టేపు.
"రక్తం ఇచ్చొచ్చా" అన్నాడు, కరెంటు బిల్లు అందుకుంటూ.
థాంక్స్ అన్నాను.
బిల్లుకి నేను థాంక్స్ చెప్పడమేమిటో
ఆయనకి అంతుపట్టలేదు.
ఎడమకన్ను ఒకటే దురద.
చెయ్యి హ్యాండిల్ మీంచి తియ్యలేదు.