ఉతకనక్కర్లేని చొక్కా

తల్కవానోలో చేపల పొడి మిల్లు వాసన
ఎంత సబ్బు పోసినా బట్టల్ని వదలదు.
ఇరవై రెండేళ్లుగా ఈ క్లబ్బు చొక్కాలు ఉతుకుతున్నాను.
ఎవడు పడ్డాడో, ఎటు పడ్డాడో
మరక చూసి చెప్పేస్తాను.

ఎవరిస్తోది ఎడమ మోచెయ్యి.
పద్నాలుగేళ్లుగా అదే మోచెయ్యి, అదే బురద,
గోలుగీత మీద గడ్డి మొలవని చోటి నల్లమట్టి.
వేన్నీళ్లు, బ్రష్షు, నా తిట్లు
మూడూ పడితేగానీ పోదు.
"కాస్త మెల్లిగా పడలేవా నాయనా" అంటే
"బంతి మెల్లిగా వస్తే" అనేవాడు.

ఫిబ్రవరిలో నెవెన్ వచ్చాడు.
పందొమ్మిదేళ్లు. అరచేతులు తెడ్లంత.
మాటలు మాత్రం చిల్లర లెక్కపెట్టి ఇచ్చినట్టు.
ఇరవై అయిదో నంబరు చొక్కా ఇస్తే భుజాల దగ్గర బిగిసింది,
కుట్టు విప్పి వదులు చేశాను.
ఎవరిస్తో గుమ్మంలో నిలబడి చూశాడు,
దర్జీ కొలతలు తనకే తీస్తున్నట్టు.

మిగతా పదిమందికీ సర్దుబాటుంటుంది.
కుడివైపు వాణ్ణి ఎడమకి జరుపుతారు,
ముందువాణ్ణి కాస్త వెనక్కి లాగుతారు.
గోలు ముందు మాత్రం ఇద్దరికి చోటు లేదు.
ఒకడు నిలబడితే ఒకడు కూచోవాలి.

పేర్ల కాగితం అంటించేది శుక్రవారం.
ఏప్రిల్లో ఒక శుక్రవారం, కోచ్ కాగితం అంటించి
తలుపు చప్పుడు కాకుండా వేసుకుని పోయాడు.
రోజూ ధడేల్న వేసే మనిషి!
కాగితం చూడకుండానే నాకు తెలిసిపోయింది.

ఆ ఆదివారం రాత్రి బుట్టలో
ఒకటో నంబరు చొక్కా నేను పెట్టిన మడతతోనే ఉంది.
మట్టి లేదు, చెమట లేదు,
ముక్కు దగ్గర పెట్టుకుంటే నా సబ్బే.
దాన్నేం చెయ్యను?
మిగతావాటితో కలిపి ఉతికాను,
ఎడమ మోచెయ్యి కాస్త ఎక్కువ రుద్ది.
అయిదో వారం అతనే అన్నాడు:
"ఉత్తినే ఉతక్కు ఎర్మిందా, రంగు పోతుంది."

సముద్రం వైపు గోలుకి ఒక తిక్క ఉంది.
వాన మొదలయ్యే ముందు ఉత్తరపు గాలి
స్కోరుబోర్డు సందులోంచి దూరి
ఎత్తు బంతిని చివరి గజంలో కిందికి గుంజుతుంది.
ఎవరిస్తో కుర్రాడికి చెప్పలేదు.
కుర్రాడు అడగలేదు.

జూన్‌లో ఆ బంతి రానే వచ్చింది.
నెవెన్ వేళ్లకి తగిలి, వెనక వలలో పడింది.
బెంచీ మీద ఎవరిస్తో సగం లేచి, కూలబడ్డాడు.
ఒక్క రెప్పపాటు అతని మొహంలో సంతోషం ఉంది.
నేను చూశాను. లేదని అబద్ధమాడను.
ఆ తర్వాత
విరిగిన పాలు తాగినట్టయింది ఆ మొహం.

మంగళవారం, సన్నగా జల్లు.
నేను కోన్లు ఏరుకొస్తుంటే
ఎవరిస్తో బంతుల సంచీ భుజాన వేసుకుని
కుర్రాణ్ణి ఆ గోలు దగ్గరికి పిలిచాడు.
గొంతు సవరించుకున్నాడు.
"ఇక్కడి గాలి సంగతి నీకు ముందే చెప్పాల్సింది."

నెవెన్ బొటనవేలికి టేపు చుట్టుకుంటూ
తలెత్తకుండా అన్నాడు:
"తెలుసు. మాది తుంబెస్ రేవు.
ఎనిమిదో ఏటి నుంచీ నాన్న పడవలో ఈ గాలి తింటున్నాను.
ఆదివారం గాలి తప్పేం లేదు. చెయ్యి జారింది."

నాలుగు నెలలు దాచుకున్న రహస్యం
రేవులో చేపలమ్మే పిల్లలకి కూడా తెలుసన్నమాట!
ఎవరిస్తో నోరు తెరిచి, మూసి,
చివరికి నవ్వేశాడు. పక్కటెముకలు పట్టుకుని నవ్వాడు.
"అయితే జారకుండా పట్టు" అని
బంతి తన్నాడు. గట్టిగా.
స్నేహితుడి మీదికి ఎవరూ అంత గట్టిగా తన్నరు.
కుర్రాడు పట్టి, అంతకంటే గట్టిగా తిరగ్గొట్టాడు.
ఎవరిస్తో దూకాడు, ఎడమ పక్కకి.

శుక్రవారం కాగితంలో ఎవరి పేరుంటుందో
ఈసారి తలుపు చప్పుడు వినే దాకా చెప్పలేను.
ఇవాళ్టికి బుట్టలో రెండు ప్రాక్టీసు చొక్కాలు,
బురద ఓడుతూ.
నీళ్లు కాగుతున్నాయి, బ్రష్షు దొరికింది.
తిట్లంటారా,
ఇద్దరికీ సరిపడా ఉన్నాయి నా దగ్గర.