జాగా లేదు

గ్రీమ్స్‌పేటలో పిండిమర పైగదిలో కూర్చోని
రెండు ఎండాకాలాలు రాసినా దాన్ని.
ఏ ఫ్యాక్టరీ తోతాపురిని ఎంతకి కొంటా ఉందో
పొద్దున ఆరింటికే చెప్పే యాప్.
కింద మర తిరిగితే బల్ల వణికేది,
కీబోర్డు సందుల్లో రాగిపిండి.

జూన్‌లో పదకొండు వేలమంది దించుకున్నారు.
ఉద్యోగమొచ్చినట్టే చెప్పినా మాయమ్మకి.
నెలాఖరుకి చేతికొచ్చింది
నాలుగు వందల పన్నెండు రూపాయలు,
అదీ ఏదో లూడో ఆట ప్రకటన పుణ్యాన.

నెలకి పది రూపాయలని పెట్టి చూసినా.
తెల్లారేసరికి తొమ్మిది వేలమంది లేరు.
"టీకైతే ఇస్తాం మ్మే,
చేతికి తగలని దానికి దుడ్లెట్లా ఇచ్చేది?"
అన్నాడు చెంగల్రాయులు, బంగారుపాళెం మండీ కాడ.
ఆ పొద్దు ఆయన కాయ కిలో ఆరు.
ఏమనేదానికీ నోరు రాలే.

ఆమీట ఉచితం చేసినా నిలవలే.
మనవరాలి చెవులు కుట్టిన వీడియోలతో
ఫోన్లో జాగా లేదంట.
దస్తగిరి షాపులో, నా ఎదురుగానే,
బొటనవేలితో అదిమి పట్టినాడు.
నా మామిడికాయ బొమ్మ వణికింది,
మర తిరిగేటప్పటి బల్ల మాదిరి.

ఇంటికొచ్చి నా ఫోన్ తీసి లెక్కబెట్టినా.
నలభై మూడు యాప్‌లు.
ఒక్కదానికీ ఎప్పుడూ
పైసా ఇచ్చిండలే నేను.

పదిహేడు మంది చూస్తా ఉన్నారింకా.
ఆరైంది.
రేటు మార్చినా: ఆరున్నర.