పదహారు

బారీ రేవు ఊళ్లో ఆ పొద్దున
ఇడ్వాల్ అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు.
పొయ్యిలోని మసి వేలికొసకి అంటించుకుని
పైపెదవి మీద ఒక నూగుమీసం దిద్దుకున్నాడు.
తండ్రి పాత కోటుకి భుజాలు చాలక
లోపల రెండు స్వెట్టర్లు తొడిగాడు.

షిప్పింగ్ ఆఫీసు గుమస్తా కళ్లద్దాల మీంచి చూశాడు.
"ఎన్నేళ్లు?"
"పదహారు."
"నిండాయా?"
"నిండాయి."
చెమటకి మీసం కరిగి నోట్లోకి దిగుతోంది.
గుమస్తాకి తెలుసు.
తెలిసే కలాన్ని సిరాలో ముంచాడు.
యుద్ధానికి వంటింటి కుర్రాళ్లు కరువు.

ఓడకి బూడిదరంగు పూశారు,
పేరు మీద కూడా.
ఇడ్వాల్‌కి యుద్ధమంటే రోజుకో బస్తా బంగాళాదుంపలు.
"తొక్కతో పాటు సగం దుంప సముద్రంలో పోస్తున్నావు,
చేపల్ని మేపడానికొచ్చావా?" అనేవాడు వంటవాడు టల్లక్.
రాత్రిళ్లు కొలిమి దగ్గర్నుంచి పైకొచ్చి
ముసాయిద్ మెట్టు మీద కూర్చునేవాడు,
ఏడెన్ నుంచి వచ్చినవాడు,
కనుబొమల దాకా బొగ్గు.
"నీ మీసం ఇక్కడుందిరా చిన్నోడా,
కావలసినంత తీసుకో" అని
నల్లటి అరచెయ్యి చాపేవాడు.

టార్పెడో గురించి ఇడ్వాల్ ఎప్పుడూ సరిగా చెప్పలేకపోయాడు.
గిన్నెలన్నీ ఒకేసారి లేచి నిలబడ్డాయనేవాడు, అంతే.
పడవలోకి దూకాక చూసుకుంటే
చేతిలో దుంపల కత్తి,
ఏప్రన్ జేబులో ఒకే ఒక్క దుంప.

ఏరు దాటాక ఓడ మల్లయ్య బోడి మల్లయ్య అంటాం మనం.
వీళ్లింకా దాటనేలేదు.
నీళ్లలో ఎముకలు కొరికే చలిలో
పదకొండు మంది తెడ్లేస్తూ ఉండగానే
ఊళ్లో కంపెనీవారు లెక్క కట్టేశారు:
ఓడ మునిగిన రోజు వరకే జీతం.
ఓడ లేదు కనుక పనీ లేదు,
పని లేదు కనుక తెడ్డు వెయ్యడం
ఎవరి సొంత సరదా వారిది.
తల్లి గ్వెన్‌లియన్‌కి
కొడుకు కబురు కన్నా ముందు ఆ కాగితం అందింది.
అడ్వాన్సు పోను మూడు పౌండ్లు, చిల్లర.

ఆరోరోజు పొద్దున ఇడ్వాల్
ఎవరితోనూ కాకుండా అన్నాడు,
"ఇవాళ మార్చి నాలుగు. ఇవాళే నాకు పదహారు."
పడవలో ఎవరో నవ్వారు. పెదవులు చిట్లి ఆపేశారు.
వాడు జేబులోంచి దుంప తీశాడు.
తొక్క తియ్యలేదు.
పదకొండు ముక్కలు కోశాడు,
ఎంత పల్చగా అంటే
ముక్కని ఎత్తి పట్టుకుంటే సూర్యుడు కనిపించేంత.
టల్లక్ తన ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి
"ఇప్పుడు నేర్చుకున్నాడు వెధవ" అన్నాడు,
ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

ముసాయిద్ తన ముక్కని నాలుక కింద దాచుకున్నాడు.
"మా ఊళ్లో పుట్టినరోజులు ఎవరూ రాయరు.
కరువు ఏడాది పుట్టానంటుంది మా అమ్మ,
ఏ కరువో చెప్పదు.
నీది కొంచెం నాకిస్తావా?"
"తీసుకో" అన్నాడు ఇడ్వాల్.
ఇద్దరూ కలిసి ఒక పూట పెద్దవాళ్లయ్యారు.

తొమ్మిదోరోజు పోర్చుగీసు చేపలపడవ కనిపించింది.
పైకి లాగింది ఏడుగుర్ని.
ముసాయిద్‌ని అంతకుముందు రాత్రే
నీళ్లకి ఇచ్చేశారు.
ఇడ్వాల్ అతని వేళ్లు తెడ్డు నుంచి విప్పాడు,
ఒక్కోటీ ఒక్కోటీ.

మే నెలలో మళ్లీ అదే బల్ల, అదే గుమస్తా.
"ఎన్నేళ్లు?"
"పదహారు."
గుమస్తా తలెత్తాడు.
చెంపల మీద ఉప్పు పుళ్ల మచ్చలు,
గోళ్లు ఊడి మళ్లీ వస్తున్న వేళ్లు.
మీసం లేదు.
"నిజం చెప్పు."
"మార్చి నాలుగుకి నిండాయి."
గుమస్తా రాసుకున్నాడు.
"ముసాయిద్‌కి కూడా అదే తారీఖు. రాసుకోండి."
"ముసాయిద్ ఎవరు?"
వాడు చెప్పాడు.
గుమస్తా పుస్తకంలో పైనించి కిందికి
గడులన్నీ వెతికాడు,
కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ వెతికాడు.
వెనక వరసలో ఎవరో దగ్గుతున్నారు,
ఇంకా గొంతు పగలని దగ్గు,
పైపెదవి మీద మసి.