పదిహేడో రాత్రి

భారతం మిట్ట, పలమనేరు బయట.
నలభై అడుగుల మట్టి దుర్యోధనుడు
వెల్లకిలా పడుకోనుండాడు.
గుడ్లకు సున్నం, మీసానికి బొగ్గు,
తొడలో కుంకం నీళ్ల కుండ,
అన్నీ నేను పెట్టినవే.

పొద్దున భీముడి యేసం కట్టే దొరసామి గదెత్తుతాడు.
జనం ఈలేస్తారు.
పాపాత్ముడు సచ్చెనని ఆడోళ్లు
పిడికెడు మట్టి కొంగున కట్టుకుంటారు.
నన్ను మాత్రం, కూలెంతప్పా అంటారు.

కాళ్లు నేనే చేస్తి.
లేసి పారిపోయేది నేర్పలేదు.
ఆ కోపం వాడిది కాదు, నా బొటనేలిది;
కనుబొమ్మ కాడ గీర ఇంకా ఉండాది.

తుంపర మొదలాయ.
నా దుప్పటి తెచ్చి మొగాన కప్పితే
ఒక కంటికే సాలింది.
రెండో కంట్లో నీళ్లు నిలబడినాయి.

తెల్లారేలోపల తుడవాల.
కూలిలో లేని పని.