ఇస్పేటు రాణి వీపు

పగలంతా చేప ముక్కలు,
చీకటి పడ్డాక పేక ముక్కలు.
జనవరిలో అక్కడ పగలంటే ఏముందిలే,
కొండ అంచున నాలుగు గంటల బూడిద వెలుతురు.

పోలండు నుంచి వచ్చిన కొత్తలో
ఐస్‌లాండు భాషలో నాకు నోరు తిరిగిన మొదటి మాట
"నీ దగ్గర ఏడులున్నాయా?"
రెండోది దానికొచ్చిన జవాబే:
"లేవు. పోయి పట్టుకో."
బల్ల నడుమ బోర్లించిన కుప్ప సముద్రం.
చెయ్యి పెట్టి ఒకటి లాగాలి.

ఇంటావిడ స్టేన్‌వోర్,
ముందు పళ్ళూడిన మనవరాలు ఉగ్లా,
పక్కింటి కవలల్లో మాట్లాడేవాడు,
పడవ అమ్మేసుకున్న ఎయోల్వుర్ తాత,
అద్దె గదిలోంచి నేను.

పేకలో ఇస్పేటు రాణి ఎప్పుడో పోయింది.
పాల డబ్బా అట్ట కత్తిరించి
నల్ల సిరాతో ఇంకో రాణిని గీశారు.
కిరీటం ఒక పక్కకి ఒరిగింది,
గీస్తుంటే ఎవరో నవ్వించినట్టు.
ముందు నుంచి రాణే.
వెనక నుంచి సగం ఆవు.
ఎవరి చేతిలో ఉందో గదికంతా తెలుస్తుంది.

మొదటి రాత్రే అడిగేశాను:
"తాతా, నీ దగ్గర రాణులున్నాయా?"
మారు మాట లేకుండా ఇచ్చేశాడు.
ఉగ్లా మాత్రం నన్ను
ఎంగిలి గరిటె కుండలో పెట్టినదాన్ని చూసినట్టు చూసింది.
స్టేన్‌వోర్ కాఫీ పోస్తూ అంది:
"నీ చేతిలో ఒకటైనా ఉంటేనే అడగాలి.
ఇంకోటి, ఆవుని మేం చూడం."
మొదటిది అప్పుడే అర్థమైంది.
రెండోదానికి ఇంకో చలికాలం పట్టింది.

ఆ చలికాలంలోనే
మంచు జారి మూడు రోజులు దారి మూసుకుపోయింది.
పొద్దున అక్క ఫోన్ చేసింది.
ఎవరికీ చెప్పలేదు.
ఫ్యాక్టరీలో నా చేతిలో కత్తి రెండుసార్లు జారింది,
అది చూడనివాళ్ళు లేరు.

రాత్రి ఆవు నా చేతికొచ్చింది.
తాత తొమ్మిదులడిగాడు. లేవు.
కవల ఆసులడిగాడు. ఉగ్లా అయిదులడిగి
సముద్రంలోంచి అయిదే లాగి బల్ల మీద గెంతింది.
మళ్ళీ తాత వంతు.
ముక్కలు గుండెకానించి, ఉప్పు తిన్న గొంతుతో
"జాకీలున్నాయా?" అన్నాడు.
లేవు తాతా. పోయి పట్టుకో.

కిటికీకి మంచు కొడుతూనే ఉంది.
నా వంతు వచ్చింది.
చాలాసేపు ఎవరూ తొందరపెట్టలేదు.

"నీ దగ్గర రాణులున్నాయా?"

మూడూ ఒకేసారి ముందుకి తోశాడు,
వేళ్ళ వేడికి అంచులు మెత్తబడిన మూడు రాణులు.
"ఎంతసేపు మొయ్యాలమ్మా," అని విసుక్కున్నాడు.
స్టేన్‌వోర్ లేచి పొయ్యి మీద మళ్ళీ నీళ్ళు పెట్టింది.