నలభై ఎనిమిదో వంతు

ముక్కు నుంచి తోక దాకా జానెడు.
ఫ్రెంచివాళ్ళు భరతపక్షి అని పేరు పెట్టిన హెలికాప్టర్
రెండేళ్ళుగా నా వంటింటి బల్ల మీద
రెక్కల్లేకుండా, తలుపుల్లేకుండా కూర్చుంది.

డబ్బాలో వచ్చిన కాగితం
లోపలి నేల బూడిదరంగు అంటుంది.
ఏ బూడిద?
కుంపట్లోదా, వాన ముందు మబ్బుదా,
మా సెతూబల్ రేవులో దింపే సార్డీన్ వీపుదా?

నలభై ఏళ్ళు కళ్ళద్దాలు అరగదీసినవాణ్ణి.
ఊరి చూపుని పావు పావుగా సరిదిద్దాను.
నా చూపు చాలదని సైన్యం వెనక్కి పంపింది.
నా ఈడువాళ్ళు గినీ వెళ్ళారు.
"సుమారుగా" అనే మాట నాకు పడదు.

బెల్మీరు ఒక అట్టపెట్టెడు ఫోటోలు తెచ్చాడు.
నలుపు తెలుపువి.
వాటిలో అడవీ బూడిదే, ఆకాశమూ బూడిదే,
నవ్వుతున్న మెకానిక్ చొక్కా కూడా.

మ్యూజియంలో ఉన్నదానికి మూడుసార్లు రంగు కొట్టారు.
కాపలాదారు అటు తిరిగి దగ్గుతున్నప్పుడు
తలుపు మడత దగ్గర గోటితో గీకాను.
ఆకుపచ్చ కింద ఇంకో ఆకుపచ్చ, దాని కింద పసుపు,
ఆ తర్వాత నా గోరే విరిగింది.

రివెట్లు లెక్కపెట్టాను.
ఎడమవైపు రెండువందల తొమ్మిది,
కుడివైపు రెండువందల పన్నెండు.
ఆ మూడు రివెట్లు మూడు నెలలు నన్ను నిద్రపోనివ్వలేదు.
కుడివైపు రేకుకి అతుకు వేశారని
చివరికి ఓ ముసలి ఫిట్టర్ చెప్పాడు.
ఎందుకు వేశారని నేను అడగలేదు.
అతుకు పొడవెంత, వెడల్పెంత అని అడిగాను.

ఎర్మెలిందా గారిది ఎవోరాలో రెండో అంతస్తు.
పారాచూట్ నర్సు. ఇప్పుడు ఎనభై రెండు.
నేను పదిహేడు ప్రశ్నలు రాసుకెళ్ళాను.
ఆవిడ రొట్టె కోసి అంజూర మురబ్బా రాసిచ్చింది.

నేల ఏ రంగమ్మా?
"ఎప్పుడూ ఏదో ఒకటి పరిచి ఉండేదయ్యా."
ఏం పరిచేవారు?
"టార్పాలిన్. దాని మీద ఎవరో ఒకరు."

స్ట్రెచర్ పట్టీ వెడల్పు?
నాలుగు వేళ్ళు దగ్గరికి చేర్చి చూపించింది.
స్కేలు పెట్టి కొలిచాను.
"కీళ్ళు వాచాయి, కాస్త తగ్గించి రాసుకో" అంది.

పదిహేడూ అయ్యాక పుస్తకం మూస్తుంటే అడిగింది:
"తాడు రాసుకున్నావా?"
ఏ తాడు?
"పైలట్ సీటు కాలికి నేనే కట్టాను.
బట్టలారేసుకునే తాడు, మూరెడు.
పడుకున్నవాళ్ళకి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా.
నా చేతులు రెండూ పనిలో ఉండేవి."

ఏ రంగు, అన్నాను. పాడు అలవాటు.
"నీలం. మొదట్లో."

అయిదు మిల్లీమీటర్ల తాడు
నలభై ఎనిమిదో వంతుకి దిగితే తలవెంట్రుకంత.
పాత కోటు అస్తరులోంచి ఒక పోగు లాగి,
భూతద్దం కింద ముడి వేశాను.
పదకొండోసారికి నిలిచింది.
పట్టుకునే చోట నీలం కాస్త పోయేలా
వేలితో రుద్దుతూ కూర్చున్నాను, చీకటి పడేదాకా.

కొయింబ్రా పోటీలో న్యాయనిర్ణేత
టార్చి వేసి లోపలికి తొంగిచూశాడు.
రివెట్లకి తల ఊపాడు. అతుకుని మెచ్చుకున్నాడు.
"ఈ దారం ఏమిటి? డ్రాయింగ్ ఉందా? ఫోటో?"
లేదన్నాను.
రెండు మార్కులు తీసేశాడు. మూడో స్థానం.
బెల్మీరు దారి పొడుగునా తిట్టాడు.
నేను తిట్టలేదు. అతని చోట ఉంటే
నేనూ తీసేసేవాణ్ణే.

నేల రంగు ఇప్పటికీ తెలియలేదు.
టీ సంచి కాగితం తడిపి, నలిపి,
టార్పాలిన్‌లా పరిచేశాను.

పుస్తకంలో పద్దెనిమిదో ప్రశ్న రాసుకున్నాను:
కుడివైపు అతుకు ఎందుకు పడింది,
ఆ రోజు లోపల ఎవరున్నారు.
గురువారం పొద్దున ఎవోరా బస్సు.
స్కేలు జేబులో పెట్టుకోవాలో వద్దో
ఇంకా తేల్చుకోలేదు.