పుత్తూరు కట్టు

మద్రాసు నుంచి వస్తూ టీకని పుత్తూరులో దిగి
బస్సు మెట్ల మీద జారాను.
నన్ను నేను పట్టుకోలేదు, పెట్టెను పట్టుకున్నాను.
ఎముక విరగ్గొట్టుకోవడానికి
అంతకన్నా మంచి ఊరు లేదన్నాడు కండక్టరు.

అట్లా
ఎడమ చెయ్యి కట్టులో ఉంది.
ఆకుపసరు, గుడ్డుసొన, వెదురుబద్దలు, తెల్లగుడ్డ.
పెట్టెలో గ్రాఫిక్స్ కార్డు మాత్రం
గీత కూడా పడకుండా కొర్లగుంట చేరింది.

ఇటుకంత బరువు. రెండు ఫ్యాన్లు.
ఎవరో వాడి వదిలేసింది, రిచ్చీ వీధిలో బేరమాడి తెచ్చుకున్నది.
నా లాప్‌టాప్‌కి ఎనిమిదేళ్లు.
కార్వేటినగరం హంసవేణి పెళ్లి వీడియోలో
తలంబ్రాల దగ్గరికి రాగానే మూలిగి ఆగిపోతుంది.
బియ్యపు గింజలన్నీ గాల్లోనే,
పెళ్లికొడుకు నోరు తెరుచుకునే,
నాలుగు రోజులుగా.

రేకుల గదిలో మధ్యాహ్నం.
ఒంటిచేత్తో పన్నెండు స్క్రూలు విప్పాను.
ఒకటి మంచం కిందికి దొర్లింది, పోనీ.
వైఫై ముక్కను పీకి
ఆ సందులో కేబుల్ గుచ్చాను.
రెండో కొస కార్డుకి,
కార్డు పాత పవర్ సప్లైకి, సప్లై గోడకి.
లాప్‌టాప్ ఆన్ చేశాను, ఆ తర్వాత సప్లై.
స్క్రీన్ వెలిగింది.
కార్డు మాత్రం ఏ జాబితాలోనూ లేదు.
డ్రైవర్లు తీసేశాను, వేశాను, మళ్లీ తీసేశాను.
లేదు.

కింద మోటార్లు చుట్టే జిలానీ
మంచినీళ్లకని పైకొచ్చాడు.
కంప్యూటర్ అతనికి తెలీదు. కరెంటు తెలుసు.
"ముందు దేన్ని లేపతా ఉండావక్కా?"
"లాప్‌టాప్‌ని."
"అది లేచి ఇంట్లో ఎవురెవురుండారో లెక్క బెట్టుకునేటప్పుడు
ఇది నిద్దరపోతా ఉంటే
లెక్కలోకి యాడొస్తాది?"

ముందు సప్లై వేశాం.
ఫ్యాన్లు ఒకసారి ఉలిక్కిపడి తిరిగాయి.
తర్వాత లాప్‌టాప్.
జాబితాలో పేరొచ్చింది!
పేరు పక్కన పసుపు గుర్తు, దాని కింద
కోడ్ నలభై మూడు.

బయట ఎండ కూడా నలభై మూడే.
జిలానీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.
ఆపడం, వేయడం, నలభై మూడు.
ఆపడం, ఊదడం, వేయడం, నలభై మూడు.
హంసవేణి వాళ్ల నాన్న ఫోన్. ఎత్తలేదు.

అతను కేబుల్‌ని వేలితో కొంచెం ఎత్తాడు.
పసుపు గుర్తు పోయింది.
వేలు తీశాడు. వచ్చింది.
"ఏందక్కా, ఇది ఇరిగిన చెయ్యే.
సందులో గెట్టిగా నిలబడల్యా."

మొదటి కట్టు విప్పినప్పుడు
ఎందుకో పారెయ్యని బద్ద ఒకటి కిటికీలో ఉంది,
ఇంకా పసరు మరక పోలేదు.
దాన్ని రెండు ముక్కలు చేసి
కేబుల్‌కి అటొకటి ఇటొకటి ఆనించి
మోటారు చుట్టే నూలు టేపుతో
బిగువు తెలిసిన చేత్తో చుట్టాడు జిలానీ.
నేను కుడి చేత్తో కొస పట్టుకున్నాను.
మా ఇద్దరికీ కలిపి మూడు చేతులు, సరిపోయాయి.
"తడి తగలనీకు, కదిలీకు,"
అచ్చం పుత్తూరు ఆయన మాదిరే చెప్పి
నీళ్లు తాగడం మరిచిపోయి దిగిపోయాడు.

సప్లై. ఫ్యాన్లు. లాప్‌టాప్.
స్క్రీన్ నల్లబడింది,
నా ఊపిరి కూడా ఒక నిమిషం ఎక్కడికో పోయింది,
రెండూ తిరిగొచ్చాయి.
గాల్లో ఉన్న గింజలు
హంసవేణి తల మీద పడ్డాయి.
పెళ్లికొడుకు నోరు మూసుకున్నాడు.

మూడు గంటలని చూపించేది
ఇప్పుడు ఇరవై రెండు నిమిషాలంటోంది.
ఈ ఇరవై రెండు నిమిషాలు ఏం చెయ్యాలో తెలీదు.
టేబుల్ మీద ఒక కట్టు, ఒళ్లో ఒక కట్టు.
నాది దురద పెడుతోంది.
స్క్రూడ్రైవర్ పిడి వైపు తిప్పి
గుడ్డ అంచు దగ్గర
మెల్లగా గోక్కుంటున్నాను,
దాన్ని కదపకుండా.